ఛాతీలోకి దిగిన థైరాయిడ్ గడ్డ: ఆపరేషన్‌కు ఎలా సిద్ధమవ్వాలి, తర్వాత ఏం కనిపెట్టుకుని ఉండాలి

"ఛాతీ తెరుస్తారా?" థైరాయిడ్ గడ్డ రొమ్ము ఎముక వెనక్కి దిగిందని స్కాన్ రిపోర్టులో చదువుకున్నవాళ్లు మొదట అడిగేది ఇదే. తర్వాత "మాత్రలతో కరగదా?" అంటారు. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "మాట పోతుందటగా?" అంటారు. సర్జరీ వార్డులో నర్సుగా ఈ మూడింటికీ ఎన్నిసార్లు జవాబు చెప్పానో లెక్కలేదు. అందుకే ఒకచోట రాసిపెడుతున్నాను.

ముందు పొట్టి జవాబులు. నూటికి తొంభై మందికి పైగా ఛాతీ తెరవకుండానే, మెడ కింది భాగంలో అడ్డంగా పెట్టే ఒక్క కోతలోంచి గడ్డను పైకి తెచ్చి తీసేస్తారు. మాత్రలతో కరగదు. మాట శాశ్వతంగా దెబ్బతినడం నూటికి ఒకరిద్దరిలో జరుగుతుంది. గడ్డ బాగా కిందికి దిగినవాళ్లలో, ఒకసారి ఆపరేషన్ అయినచోటే మళ్లీ చేయించుకునేవాళ్లలో ఆ ముప్పు కాస్త ఎక్కువ.

ఇంత పెద్ద గడ్డ మెడలోంచి ఎలా వస్తుందంటారా? థైరాయిడ్ పుట్టేది మెడలోనే. పెరిగేకొద్దీ ముందు కండరాలు అడ్డం, వెనక వెన్నెముక అడ్డం, కిందనేమో ఖాళీ. అలా జారిపోతుంది. కానీ రక్తనాళాలను మెడలోంచే వెంట తీసుకెళ్తుంది. వాటిని మెడలోనే కట్టేస్తే గడ్డ పైకి లొంగుతుంది. అసలు ఛాతీలోనే పుట్టే థైరాయిడ్ గడ్డలూ ఉన్నాయి, నూటికి ఒకటి కూడా ఉండవు. వాటికి రక్తం ఛాతీలోని నాళాల నుంచే అందుతుంది కాబట్టి వాటి లెక్క వేరు.

చేతిలో ఉండాల్సినవి

- మెడ నుంచి ఛాతీ వరకు తీసిన సీటీ స్కాన్. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, బొమ్మలున్న సీడీ గానీ ఫిల్ములు గానీ కావాలి. సర్జన్ బొమ్మే చూస్తారు.
- టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రక్తపరీక్షలు. ఫ్రీ టీ4 థైరాయిడ్ తయారుచేసే హార్మోన్. టీఎస్‌హెచ్ థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్, థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే ఇది తగ్గుతుంది.
- కాల్షియం, విటమిన్ డి. వీలైతే కాల్షియాన్ని నిలబెట్టే పారాథైరాయిడ్ హార్మోన్ కూడా.
- స్వరతంతువుల పరీక్ష. ఈఎన్‌టీ డాక్టరు సన్నటి కెమెరా గొట్టంతో చూస్తారు, రెండు మూడు నిమిషాల పని.
- మెడ అల్ట్రాసౌండ్. అనుమానపు గడ్డలుంటే సూదితో తీసిన పరీక్ష రిపోర్టు. సూది అందేది మెడలోని భాగానికే, ఛాతీలోకి దిగినదాన్ని మామూలుగా గుచ్చరు.
- మీరు వాడే మందులన్నిటి జాబితా, డోసులతో సహా. ఆకు మందులు, బలం మాత్రలు కూడా అందులో రాయాల్సిందే.
- ఆపరేషన్ అయిన రాత్రి నిద్రపోకుండా పక్కన కూర్చోగల మనిషి. ఇది వరసలో చివర రాశాను గానీ విలువలో చివరిది కాదు.

1. ఎంత తొందరో తేల్చుకోండి

వాపు పైకి ఎంత కనిపిస్తోందన్నది కొలత కాదు. మెడలో నిమ్మకాయంత కనిపించి, లోపల అరచేయంత ఉన్నవాళ్లను చూశాను. "ఆయాసం ఉందా?" అంటే లేదంటారు. నేను ఆ మాట అడగను, "రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటారు?" అంటాను. ఒకావిడ "దిండ్లెందుకమ్మా, ఏడాదిగా కుర్చీలోనే పడుకుంటున్నా, అలవాటైపోయింది" అంది. ఉబ్బసం అనుకుని అన్నాళ్లూ పీల్చే మందు వాడుతోంది. ఊపిరి బయటికి వదిలేటప్పుడు వచ్చే పిల్లికూత ఉబ్బసానిది. గాలి లోపలికి పీల్చేటప్పుడు మెడ దగ్గర కీచుమంటే శ్వాసనాళం నొక్కుకుపోతోందని అనుమానించాలి.

ఇంట్లో చేసి చూసుకోదగ్గది ఒకటుంది. కుర్చీలో కూర్చుని, పక్కన ఎవరినైనా ఉంచుకుని, రెండు చేతులూ చెవులకు ఆనేలా పైకెత్తి ఒక నిమిషం ఉంచండి. ముఖం కందగడ్డలా ఎర్రబడినా, మెడలో నరాలు ఉబ్బినా, ఊపిరి బిగబట్టినట్టయినా చేతులు వెంటనే దించేయండి. పెంబర్టన్ అనే డాక్టరు 1946లో చెప్పిన గుర్తు ఇది. గడ్డ ఛాతీ ముఖద్వారంలో బిరడాలా ఇరుక్కుని పెద్ద సిరలను నొక్కుతోందని అర్థం. కనిపిస్తే సర్జన్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేయకండి. కనిపించనంత మాత్రాన గడ్డ లేదనీ కాదు.

హెచ్చరిక: కూర్చున్నప్పుడు కూడా ఊపిరి కీచుమంటున్నా, మెడ ఉన్నట్టుండి ఉబ్బి నొప్పెట్టినా, పెదాలు నీలబడినా ఈ పరీక్ష చేయకండి. నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. గడ్డలో రక్తం చేరితే గంటల్లో పెరుగుతుంది.

2. సీటీకి ముందు టీఎస్‌హెచ్ చూపించండి

ఈ వరస చాలామంది తిరగేస్తారు. సీటీలో నరానికి ఎక్కించే రంగుమందులో అయోడిన్ చాలా ఎక్కువ. ఏళ్ల తరబడి పెరిగిన గడ్డల్లో కొన్ని తమ ఇష్టానికి హార్మోన్ తయారుచేస్తుంటాయి, వాటికి ఇంత అయోడిన్ ఒక్కసారి అందితే థైరాయిడ్ విజృంభిస్తుంది. గుండె దడ, చెమటలు, బరువు తగ్గడం రంగుమందు ఎక్కించిన కొన్ని వారాల తర్వాత మొదలవుతాయి కాబట్టి దానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. టీఎస్‌హెచ్ ఇప్పటికే తక్కువగా ఉంటే స్కాన్ తీసేవాళ్లకు ముందే చెప్పండి. గడ్డ ఎంతవరకు దిగిందో చూడటానికి చాలాసార్లు రంగుమందు లేని సీటీ సరిపోతుంది.

టీఎస్‌హెచ్ బాగా తక్కువగా, హార్మోన్ ఎక్కువగా ఉంటే ముందు మందులతో అదుపులోకి తెచ్చి, ఆ తర్వాతే ఆపరేషన్. అదుపు లేకుండా థియేటర్‌కి వెళ్తే థైరాయిడ్ తుఫాను అనే ప్రాణాంతకమైన స్థితి రావచ్చు. ఈ ఆలస్యం మీద విసుక్కోకండి.

3. స్కాన్ బొమ్మ ముందు మూడు ప్రశ్నలు

"రొమ్ము ఎముక వెనక్కి విస్తరించినది" అన్న మాటకు అందరూ ఒకే అర్థం వాడరు. కొందరు సగానికి పైగా దిగితేనే అలా అంటారు, కొందరు కొద్దిగా దిగినా రాసేస్తారు. కాబట్టి ఆ మాట చూసి బెంబేలెత్తకుండా ఇవి అడగండి.

మొదటిది, అడుగుభాగం ఎక్కడుంది? గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని ఛాతీలో వంపు తిరుగుతుంది. గడ్డ ఆ వంపుకు పైనే ఉంటే దాదాపు ఎప్పుడూ మెడలోంచే వస్తుంది. దాటి దిగితే ఛాతీ తెరిచే అవకాశం పెరుగుతుంది.

రెండోది, శ్వాసనాళానికి ముందుందా, వెనక్కి పోయిందా? వెనక్కి పోతే పని కష్టం. పైనా కిందా లావుగా, నడుమ సన్నగా ఉన్న గడ్డ కూడా అంతే, ఛాతీ ముఖద్వారపు ఇరుకులోంచి కింది ముద్ద తేలిగ్గా పైకి రాదు.

మూడోది, శ్వాసనాళం బాగా ఇరుకైన చోట ఎన్ని మిల్లీమీటర్లు? పెద్దవాళ్లలో మామూలుగా 15 నుంచి 20 ఉంటుంది. దాదాపు 8కి దిగితే మెట్లెక్కినప్పుడు ఆయాసం తెలుస్తుంది. 5కి వస్తే ఊరకే కూర్చున్నా కీచుమంటుంది. రిపోర్టులో "పక్కకు నెట్టబడింది" అని మాత్రమే ఉంటే కొలిచి చెప్పమనండి. నెట్టుకుపోవడం వేరు, నొక్కుకుపోవడం వేరు.

4. ఆపరేషన్ కాక వేరే దారి ఉందా?

థైరాయిడ్ మాత్రతో గడ్డను కుదించే ప్రయత్నం ఇంత పెద్దవాటిలో ఫలించదు, పైగా గుండె దడా ఎముకల అరుగుదలా మిగులుతాయి. రేడియో అయోడిన్ కొంత కుదిస్తుంది, అందుకు నెలలు పడుతుంది. మొదట్లో వాపు తాత్కాలికంగా పెరగొచ్చు కాబట్టి శ్వాసనాళం ఇరుకైనవాళ్లకు అది ప్రమాదం. ఆపరేషన్‌కు ఏమాత్రం తట్టుకోలేనివాళ్లకు పనికొచ్చే దారి అది. ఏ బాధా లేని పెద్ద వయసువాళ్లను ఏటా స్కాన్ చేస్తూ కనిపెట్టుకుని ఉండటమూ సరైన నిర్ణయమే కావచ్చు. నా అభిప్రాయం అడిగితే, ఒంట్లో సత్తువ ఉండి, శ్వాసనాళం నొక్కుకుపోతున్నవాళ్లు "ఇంకో రెండేళ్లు చూద్దాం" అనుకోవడం మాత్రం తెలివైన పని కాదు. గడ్డ వెనక్కి ఎక్కి రాదు. రెండేళ్ల తర్వాత వయసూ పెరుగుతుంది, గడ్డా పెరుగుతుంది.

5. సర్జన్‌ను ఇవి అడగండి

- ఏడాదికి ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారు? 25కి మించి చేసేవాళ్ల చేతుల్లో ఇబ్బందులు తక్కువని అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో తేలింది. ఛాతీలోకి దిగినవి ఎన్ని చేశారో విడిగా అడగండి.
- అవసరమైతే ఛాతీ తెరవగల సర్జన్ ఆ రోజు అక్కడ ఉంటారా? "అవసరం రాదులెండి" అన్నది జవాబు కాదు.
- ఒకవైపే తీస్తారా, మొత్తమా? రెండోవైపు బాగుంటే దాన్ని ఉంచవచ్చు.
- స్వరతంతువులను కదిలించే నరం (రెండువైపులా ఒక్కోటి ఉంటుంది) పనిచేస్తోందో చూసే మానిటర్ వాడతారా? అది భరోసా పత్రం కాదు గానీ ఒక ఉపయోగం ఉంది. మొదటివైపు నరం సంకేతం ఆగిపోతే, రెండోవైపు ఆ రోజు ముట్టుకోకుండా ఆపేయవచ్చు. రెండు నరాలూ ఒకేసారి దెబ్బతింటే గొంతుకు రంధ్రం పెట్టాల్సి రావచ్చు కదా. కాబట్టి "సగం పనే చేశారు" అని ఎవరైనా అంటే కోప్పడే ముందు కారణం అడగండి.

6. మత్తు డాక్టరుకు ఏదీ దాచకండి

ఈ ఆపరేషన్‌లో కత్తి కంటే ముందు కష్టమైన ఘట్టం శ్వాసగొట్టం వేయడం. ఎక్కువమందికి మామూలుగానే పడుతుంది. కష్టమనిపిస్తే మెలకువలో ఉండగానే గొంతుకు తిమ్మిరి మందు కొట్టి, కెమెరా సాయంతో గొట్టం దించుతారు. భయపడకండి, అది మీ భద్రత కోసమే. ఎన్ని దిండ్లు, ఏ పక్కకు తిరిగితే ఊపిరాడుతుంది, గురక ఉందా, కట్టుడు పళ్లున్నాయా, ఇవన్నీ ఆయనకు కావాలి. వెల్లకిలా పడుకోలేనివాళ్లు ఆ మాట ముందురోజే చెప్పాలి, థియేటర్ బల్ల మీద కాదు.

7. ముందురోజులు

రక్తం పలచబరిచే మాత్రలు ఎప్పుడు ఆపాలో రాయించుకోండి. సొంతంగా ఆపడం, ఆపమన్నాక కొనసాగించడం, రెండూ ముప్పే. చక్కెర మందులూ, బరువు తగ్గే ఇంజెక్షన్లూ వాడుతుంటే తప్పక చెప్పండి, కొన్నిటిని రోజుల ముందే ఆపాలి. థైరాయిడ్ అదుపు మందూ, గుండె దడ మందూ మాత్రం ఆపమంటే తప్ప ఆపకండి. ఆ ఉదయం కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు. విటమిన్ డి తక్కువుంటే ఇప్పుడే సరిచేయించుకోండి, 11వ మెట్టులో ఎందుకో తెలుస్తుంది.

తేలికపాటి తిండి 6 గంటల ముందు ఆపాలి, నీళ్లు 2 గంటల ముందు. మీ ఆసుపత్రి వేరేలా చెబితే అదే పాటించండి. పొగ తాగేవాళ్లు ఎన్ని వారాల ముందు మానితే అంత మంచిది. ఆపరేషన్ తర్వాత వచ్చే దగ్గు కుట్లకు శత్రువు.

8. లోపల జరిగేది

మెడ ముడతలో అడ్డంగా కోత పెడతారు. దానికి ఇప్పటికీ స్విట్జర్లాండ్ సర్జన్ థియోడర్ కోకర్ పేరే, థైరాయిడ్ మీద చేసిన కృషికి ఆయనకు 1909లో నోబెల్ వచ్చింది. మెడలోని రక్తనాళాలు కట్టేశాక, సర్జన్ వేలిని గడ్డ చుట్టూ జరుపుతూ కిందనుంచి పైకి తెస్తారు. రాకపోతే రొమ్ము ఎముకను పైభాగంలో గానీ పూర్తిగా గానీ తెరుస్తారు. ఆ అనుమతి సంతకం ముందే తీసుకుంటారు. సంతకం పెట్టించుకున్నారంటే ఛాతీ తెరవడం ఖాయమని కాదు.

9. మొదటి రాత్రి

ఈ ఒక్క మెట్టు రెండుసార్లు చదవండి. పక్కన కూర్చునే మనిషితోనూ చదివించండి.

మెడలో రక్తం చేరడం నూటికి ఒకరిద్దరికే జరుగుతుంది, అయినా అదే అన్నిటికంటే తొందరగా ప్రాణం తీస్తుంది. ఎక్కువగా మొదటి 6 గంటల్లో, చాలావరకు 24 గంటల్లోపే. మొదటి సూచన రక్తం కనబడటం కాదు. రోగి దిండు సర్దుకుంటాడు, లేచి కూర్చుంటాడు, మళ్లీ సర్దుకుంటాడు. "సిస్టర్, కట్టు బిగుతుగా ఉంది" అంటాడు. ఇన్నేళ్లలో నన్ను పరిగెత్తించిన మాటల్లో అది మొదటిది. గొంతు మారడం, మింగలేకపోవడం, మెడ గట్టిపడటం తర్వాత వస్తాయి. ఆక్సిజన్ మీటరులో అంకె పడిపోయేది అన్నిటికంటే చివర, అప్పటికి ఆలస్యమైనట్టే.

చేయాల్సింది: లేపి కూర్చోబెట్టండి, బెల్లు నొక్కి ఊరుకోకుండా గట్టిగా పిలవండి. అవసరమైతే మంచం మీదనే కుట్లు విప్పి రక్తం బయటికి వదులుతారు. చూడ్డానికి ఘోరంగా ఉన్నా ప్రాణం నిలబెట్టేది అదే, అడ్డుపడకండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు:
- "డ్రెయిన్ సీసా ఖాళీగానే ఉంది కదా" అనుకోవడం. డ్రెయిన్ అంటే కోత లోపలి రక్తం సీసాలోకి దిగేలా పెట్టే గొట్టం. అందులో గడ్డకడితే సీసా ఖాళీగానే ఉంటుంది, రక్తం లోపలే నిలుస్తుంది.
- మెడ చుట్టూ శాలువా కప్పడం. మెడ కనిపించాలి.
- చూడ్డానికి వచ్చినవాళ్లు ఎక్కువసేపు మాట్లాడించడం.
- "పాపం నిద్రపోతున్నాడు" అని గదిలో దీపాలన్నీ ఆర్పేయడం.

తల వైపు మంచం కాస్త ఎత్తి ఉంచండి. లేచేటప్పుడు రెండు చేతులూ తల వెనక పెట్టి, తల బరువు చేతులకే ఇచ్చి లేవమనండి. కుట్ల మీద లాగుడు తగ్గుతుంది.

10. గొంతు

రెండు మూడు రోజుల బొంగురుతనం శ్వాసగొట్టం రాపిడిదే కావచ్చు. రెండు వారాలు దాటినా మాట గాలి పోయినట్టుంటే, నీళ్లు తాగుతుంటే పొలమారుతుంటే స్వరతంతువుల పరీక్ష మళ్లీ చేయించాలి. ముందు చేయించిన పరీక్ష ఇప్పుడు పనికొస్తుంది. లోపం కొత్తదా, గడ్డ వల్ల అంతకుముందే ఉన్నదా తేలుతుంది. సాగిన నరం కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు, ఏడాది వరకు చూస్తారు. ఈలోగా మాట వ్యాయామాలు మొదలుపెడితే మేలు. పాడేవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు ఇంకోటి గమనించాలి. మామూలు మాట బాగున్నా పై స్థాయి అందకపోతే, కేకేస్తే గొంతు పలకకపోతే అది వేరే నరం. సర్జన్‌కు మీ వృత్తేమిటో ఆపరేషన్‌కు ముందే చెప్పండి.

11. కాల్షియం: ఇంటికొచ్చాక వచ్చే గండం

థైరాయిడ్‌కు వెనకవైపు అతుక్కుని బియ్యపుగింజ కంటే కాస్త పెద్దవైన నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. కాల్షియాన్ని నిలబెట్టేవి అవే. మొత్తం థైరాయిడ్ తీసినప్పుడు అవి నలగడం, రక్తం అందక కొన్నాళ్లు మొద్దుబారడం మామూలే. నలుగురైదుగురిలో ఒకరికి తాత్కాలికంగా కాల్షియం పడిపోతుంది. శాశ్వతంగా మిగిలేది చాలా కొద్దిమందికి. ఒకవైపే తీసినవాళ్లకు ఈ బెడద దాదాపు ఉండదు.

పడిపోయేది ఎక్కువగా 2 నుంచి 4 రోజుల మధ్య, అంటే సరిగ్గా ఇంటికి వెళ్లాక. మొదట మూతి చుట్టూ చీమలు పాకినట్టుంటుంది, తర్వాత వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, ఆపై చేతులు కొంకర్లు పోతాయి. "నీరసంలే" అనుకోకండి. తిమ్మిరి దగ్గరే ఉంటే డిశ్చార్జ్ చీటీలో రాసిన అదనపు మాత్ర వేసుకుని ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. కొంకర్లు మొదలైతే మాత్రల పని కాదు, నరం ద్వారా ఎక్కించాలి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

డిశ్చార్జ్ చీటీలో అదనపు మాత్ర సంగతి రాయకపోతే అడిగి రాయించుకోకుండా ఆసుపత్రి నుంచి కదలకండి.

ఎక్కువమంది చేసే తప్పులు: కాల్షియం కార్బొనేట్‌ను పరగడుపున వేసుకోవడం ఒకటి, అది తిండితో పాటే బాగా ఒంటబడుతుంది. కడుపులో మంటకు వాడే మాత్రలు దాన్ని అడ్డుకుంటాయి, అవి వాడేవాళ్లు సిట్రేట్ రకం ఇవ్వమని అడగాలి. తిమ్మిర్లు తగ్గాయని ఒక్కసారిగా అన్నీ మానేయడం ఇంకో తప్పు, మెల్లగా తగ్గించాలి. ఇక వద్దన్నా నెలల తరబడి మింగేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతినొచ్చు.

12. థైరాయిడ్ మాత్ర

మొత్తం తీసేస్తే జీవితాంతం రోజుకో మాత్ర. కిలో బరువుకు 1.6 మైక్రోగ్రాముల చొప్పున మొదలుపెట్టడం వాడుక, పెద్ద వయసువాళ్లకూ గుండె జబ్బున్నవాళ్లకూ ఇంకా తక్కువతో మొదలుపెడతారు. పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట వరకు ఏమీ తినకూడదు. కాల్షియానికీ దీనికీ 4 గంటల ఎడం కావాలి. రెండూ కలిపి మింగేసి, "డోసు చాలడం లేదట" అని తిరిగొచ్చేవాళ్లు ప్రతి నెలా కనిపిస్తారు. టీఎస్‌హెచ్ 6 నుంచి 8 వారాలకు చూపించండి. రెండు వారాలకే చేయిస్తే ఆ అంకె నమ్మదగింది కాదు.

13. ఛాతీ తెరిచినవాళ్లకు

ఎముక అతకడానికి 6 నుంచి 12 వారాలు. అన్నాళ్లూ బరువులెత్తకండి, బండి నడపకండి, చేతుల మీద భారం వేసి మంచం దిగకండి. దగ్గు వస్తే దిండును ఛాతీకి హత్తుకుని దగ్గండి. ఎముకలో టిక్కుమన్న చప్పుడు, జ్వరం, కోతలోంచి చీము, ఈ మూడింటిలో ఏది కనిపించినా అదే రోజు చూపించుకోండి.

14. ఫలితం సరిగ్గా ఉందో లేదో

మొదటి వారంలో: ఎన్ని దిండ్లు తగ్గాయి? చాలామంది మొదటి రాత్రికే తేడా చెబుతారు. కాల్షియం అంకె, కోత చుట్టూ వాపు చూసుకోండి. కోత పైభాగం కాస్త ఉబ్బి, గట్టిగా ఉండటం కొన్ని వారాలు మామూలే. రోజురోజుకూ పెరిగితే మాత్రం కాదు.

రెండు వారాల్లోపు: బయాప్సీ రిపోర్టు. మామూలు గడ్డ అనుకుని తీసినవాటిలో కూడా చిన్న క్యాన్సర్ బయటపడుతుంటుంది. ఒక సెంటీమీటరు లోపుదైతే చాలాసార్లు తీసేయడంతోనే సరి. అయినా ఆ కాగితం చూడకుండా "అంతా బాగుంది" అన్న మాట తీసుకోకండి. రిపోర్టు వచ్చిందో లేదో అడిగే బాధ్యత మీదే.

ఆరు వారాలకు: టీఎస్‌హెచ్, కాల్షియం, మాట. చేతులెత్తే పరీక్ష మళ్లీ చేసి చూడండి.

చివరగా ఆపరేషన్ నోట్ కాపీ అడిగి తీసుకోండి. డిశ్చార్జ్ చీటీ వేరు, ఇది వేరు. ఎన్ని పారాథైరాయిడ్లు కనిపించాయి, దేన్నైనా తిరిగి కండరంలో నాటారా, ఏ వైపు నరం ఎలా ఉంది, ఏమైనా ముక్క వదిలేశారా, ఇవన్నీ అందులో ఉంటాయి. పదేళ్ల తర్వాత మెడకు ఏదైనా అవసరం వస్తే, అప్పటి సర్జన్ మొదట అడిగేది ఆ కాగితమే.